అమ్మ ఇంట్లో ఉండగా చర్చి వాళ్ల బీరు సాయంత్రం మా ఇంట్లో పడింది. ఏం చేయాలి?

సెయింట్‌పాల్ గుంటూరోడు:

మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. మిన్నెసోటా వచ్చాక కూడా లూథరన్ చర్చికే వెళ్తున్నాం. మా బైబిలు స్టడీ గ్రూపులో ఏడెనిమిది మందికి ఇంట్లో బీరు తయారు చేసుకునే పిచ్చి. రెండు నెలలకోసారి ఒకరింట్లో కలుస్తాం. ముందు ప్రార్థన, తర్వాత భోజనం, ఆ తర్వాతే సీసాలు. ఒక్కో రకం చిన్న గ్లాసులో వంద మిల్లీలీటర్లు మించదు. తాగేదానికన్నా ‘నీది వెన్న వాసనొస్తోంది, ఈస్ట్‌ని తొందరపెట్టావు’ అని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునేదే ఎక్కువ.

ఈసారి వంతు నాది, నేను మొదటిసారి చేసిన బీరుతో. సరిగ్గా ఇప్పుడే అమ్మ వచ్చి ఉంది. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, సారాకి రెండెకరాలు పోగొట్టాడు. అమ్మకి సీసా చప్పుడు వింటేనే ఒళ్లు మంట. వచ్చిన రెండో రోజే బేస్‌మెంట్‌లో బకెట్ చూసి, "అదేంట్రా, బుడుక్ బుడుక్‌మని ఊపిరి పీలుస్తోంది?" అంది. ‘పులుస్తోందిలే అమ్మా’ అన్నాను. ఇడ్లీ పిండి అనుకుని పైకెళ్లిపోయింది.

వచ్చే శనివారమే. వాయిదా వేయనా? ఇంకో సంగతి, పది రోజుల కింద సీసాల్లో నింపాను. నిన్న ఒకటి తీస్తే నురగ సీలింగ్‌కి కొట్టింది. ఎందుకని?

బాపట్ల అక్క:

తమ్ముడూ, వాయిదా సంగతి తర్వాత. ముందు ఆ పిండి అబద్ధం సరిచేసుకో. రోమా పత్రిక 14వ అధ్యాయం చదివే ఉంటావు. పక్కవాళ్లకి అడ్డం వచ్చే పని మానుకోమంటాడు పౌలు. అమ్మకి అది అడ్డమా కాదా అని నువ్వు మనసులో లెక్కలు వేసుకుంటే ఎట్లా, ఆమెనే అడుగు. వద్దంటే వేరేవాళ్లింట్లో పెట్టుకోండి. సారా చూసిన ఇంట్లో పెరిగిన మనిషికి ‘ఇది క్రాఫ్ట్ బీరు, వేరే’ అని మాత్రం పాఠాలు చెప్పకు.

మిల్వాకీ మామయ్య:

నురగ గురించి. పులవడం పూర్తికాకుండా నింపావు, లేదా గ్యాస్ కోసం సీసాల్లో నింపేటప్పుడు కలిపే చక్కెర ఎక్కువేశావు, లేదా సీసాలు సరిగ్గా శుభ్రం కాలేదు. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే గొట్టం) పెట్టి రెండు మూడు రోజుల తేడాలో రెండుసార్లు చూడాలి. రెండుసార్లూ అదే అంకె వస్తేనే నింపాలి. పందొమ్మిది లీటర్లకి 120 గ్రాముల చక్కెర చాలు. నువ్వు ఎంత వేశావు?

అంతకంటే ముఖ్యం, ఆ సీసాలు పేలతాయి. గాజు గోడలో దిగిన ఇల్లు చూశాను. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని, సీసాలకి తువ్వాలు చుట్టి, ఫ్రిజ్‌లోకి మార్చు. చల్లబడితే గ్యాస్ అణుగుతుంది. తెరిచేది సింక్‌లోనే. ఈ పని ఇవాళే చెయ్, అమ్మతో మాట్లాడటం రేపైనా పర్లేదు.

పాత పుస్తకాల పురుగు:

మీ ఊరికీ ఈ ఊరికీ పాత చుట్టరికం ఉంది తెలుసా? 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ అయ్యగారు తర్వాత మీ మిన్నెసోటాలోనే సంఘాలు కట్టారు. లూథరన్లకి మూలపురుషుడు మార్టిన్ లూథర్ భార్య కాతరీనా ఇంట్లో బీరు కాచేది. ఇంట్లో బీరు చేసుకోవచ్చని 1978లో అమెరికా చట్టం మీద సంతకం పెట్టిన అప్పటి అధ్యక్షుడు కార్టర్ బాప్టిస్టు, సండేస్కూల్ టీచర్. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఇవన్నీ మీకోసం. అమ్మ దగ్గర వాడితే అక్క వద్దన్న పాఠాలే అవుతాయి.

వరంగల్ వాసి:

మీకేం బాబూ. ఇక్కడ ఇంట్ల చేస్తే కేసే.

సెయింట్‌పాల్ గుంటూరోడు:

అందరికీ థాంక్స్. మామయ్యా, 200 గ్రాములు వేశాను. తిట్టకండి. సగం సింక్‌పాలైంది.

అక్క మాట విని బుధవారం అమ్మకి చెప్పేశాను. చాలాసేపు పలకలేదు. తర్వాత రెండే అడిగింది, "ఎవరైనా తూలతారా? కార్లు ఎవరు తోలతారు?" తూలరని, ఆడవాళ్లు తోలుకెళ్తారని చెప్పాను. "సరే రానీ. ప్రార్థన మాత్రం నేను చేస్తా" అంది.

చేసింది. తెలుగులో, పది నిమిషాలు. మధ్యలో వాళ్ల నాన్న పేరెత్తి, ఆ రెండెకరాల సంగతి దేవుడికి మళ్లీ చెప్పింది. అర్థమైంది నాకూ మా ఆవిడకీ. మిగతావాళ్లంతా తల వంచుకుని గట్టిగా ఆమెన్ అన్నారు. ఏమందని ఒకాయన అడిగితే, మీ అందరికోసం అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

బజ్జీలు కూడా ఆమే వేసింది, గుంటూరు నుంచి తెచ్చిన కారంతో. చేదు బీరు తాగితే ఆ కారం ఇంకా మండుతుందని అప్పుడు తెలిసింది వాళ్లకి. కళ్లలో నీళ్లు పెట్టుకుని గోధుమ బీరు మీద పడ్డారు. పిల్లల కోసం ఒకరు ఇంట్లో చేసిన రూట్‌బీర్ తెచ్చారు. మత్తు లేనిదని అమ్మ ఒక గుక్క తాగి, "అమృతాంజనం కలిపార్రా" అని గ్లాసు పక్కన పెట్టేసింది.

అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది. గ్యారేజీలో అందరం కలిసి కొత్త బ్యాచ్ పెట్టాం. ఐదు కిలోల మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, సంచిలో పోసి 67 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టి సంచి ఎత్తేసరికి అమ్మ తలుపు తీసుకుని వచ్చేసింది, "ఉలవలు ఎవరు ఉడకేస్తున్నారు?" అంటూ. మిగిలిన పిప్పిని చెత్తలో వేయబోతుంటే ఆపింది. గుప్పెడు తీసి పిసికి వాసన చూసి, "గేదె ఉంటే ఇంకో లీటరిచ్చేది కదరా, పారేస్తారా!" అని నా మీద అరిచింది. మా గ్రూపులో ఒకాయనకి కోళ్లున్నాయి. రెండు బకెట్లూ ఆయన డిక్కీలో పెట్టించిందాకా వదల్లేదు.

ఇవాళ ఆయన డజను గుడ్లు తెచ్చిచ్చాడు. మళ్లీ ఎప్పుడు చేస్తారని అడుగుతోంది అమ్మ, బీరు గురించి కాదులెండి.