న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కు మారడం: ఆదాయ పన్ను లేదన్న ఒక్క కారణం సరిపోతుందా?

ప్రశ్న: ఎడిసన్ వాసి

అందరికీ నమస్కారం. మేము ఎనిమిదేళ్లుగా ఎడిసన్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాము. మా కంపెనీ నన్ను ఇప్పటి జీతం మీదే, అంటే ఏడాదికి 1,60,000 డాలర్లకే, టెక్సాస్‌లో డాలస్ దగ్గరున్న ప్లేనో ఆఫీసుకు రమ్మంటోంది. నా భార్య మెట్రోపార్క్‌లో రైలెక్కి న్యూయార్క్‌లో ఉద్యోగానికి వెళ్తుంది. మేము మారితే ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఆమె మేనేజరు అన్నారు. అబ్బాయి ఎనిమిదో తరగతి. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా ఆరు నెలలు మా దగ్గరే ఉంటారు. ఇద్దరమూ హెచ్-1బి మీద ఉన్నాము, నా ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొందింది.

మిత్రులను ఎవరిని అడిగినా టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదన్న మాటతోనే మొదలుపెట్టి, ఆ మాటతోనే ముగిస్తున్నారు. రోజువారీ జీవితంలో తేడా ఎలా ఉంటుందో రెండు చోట్లా ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం: ఫ్రిస్కో నుంచి

మేము 2017లో న్యూజెర్సీ వదిలి ప్లేనో పక్కనే ఉన్న ఈ ఫ్రిస్కోకు వచ్చాము, కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది. ముందు ఆ పన్ను సంగతి చూద్దాం. 1,60,000 డాలర్ల ఆదాయం మీద దంపతులు కలిపి రిటర్న్ వేస్తే న్యూజెర్సీకి కట్టేది సుమారు 6 వేల డాలర్లు. తక్కువేమీ కాదు, కానీ దాని కోసం జీవితాన్ని తలకిందులు చేసుకునేంత మొత్తమూ కాదు. ఆస్తి పన్ను రెండు చోట్లా బరువే. ఇక్కడ మీరు నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు తప్పక పెట్టుకోవాలి. ఆస్తి పన్నులో భాగమైన స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసివేస్తారు, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా పరిమితి కూడా ఉంటుంది. వసంతకాలంలో మదింపు నోటీసు రాగానే, సాధారణంగా మే 15లోగా, అభ్యంతరం దాఖలు చేయడం ఇక్కడ ఇంటింటా జరిగే తంతు.

అసలు ఖర్చు ఎవరూ చెప్పని చోట ఉంటుంది. వడగళ్ల వాన పడితే పైకప్పు పోతుంది. బీమా ఉంటుంది కదా అనుకుంటాము, కానీ గాలివాన, వడగళ్ల నష్టానికి డిడక్టబుల్‌ను, అంటే బీమా కంపెనీ ఇచ్చేముందు మనం భరించాల్సిన మొత్తాన్ని, చాలా పాలసీల్లో ఇంటి బీమా విలువలో ఒకటి రెండు శాతంగా పెడతారు. 5,00,000 డాలర్ల ఇంటికి 2 శాతమంటే మొదటి 10,000 డాలర్లు మన జేబులోంచే పోతాయి. ఇక ఇక్కడి బంకమట్టి ఎండకు బీటలు వారి పునాదిని కదిలిస్తుంది కాబట్టి, వేసవిలో ఇంటి చుట్టూ గొట్టం పరిచి నేలకు నీళ్లు పెడతాము. గడ్డికి కాదు, పునాదికి! మా నాన్నగారికి ఈ మాట చెబితే నవ్వుతూనే ఉన్నారు.

ఇంత చెప్పినా నేను వెనక్కి రాను. అదే డబ్బుకు ఇక్కడ పిల్లలకు తలా ఒక గది, కొత్త ఇల్లు వచ్చాయి.

సమాధానం: పన్నుల పని చేసే వ్యక్తి

మీ ప్రశ్నలో అందరూ దాటేసిన విషయం మీ శ్రీమతి ఉద్యోగం. ఉద్యోగి తన వీలు కోసం వేరే రాష్ట్రంలోని ఇంటి నుంచి పని చేస్తే, ఆ జీతాన్ని న్యూయార్క్ తన రాష్ట్రంలో సంపాదించినట్టే లెక్కిస్తుంది. ఇప్పుడు న్యూయార్క్‌కు కట్టిన పన్నుకు న్యూజెర్సీ మీకు క్రెడిట్ ఇస్తోంది, అంటే తన పన్నులోంచి తగ్గిస్తోంది. టెక్సాస్‌లో ఆదాయ పన్నే లేదు కనుక ఆ క్రెడిట్ తీసుకునే చోటు ఉండదు. అంటే ఆమె టెక్సాస్‌లో కూర్చుని కూడా న్యూయార్క్ పన్ను కడుతూనే ఉంటారు, మీకు ఆదా అయ్యేది మీ జీతం మీది పన్ను మాత్రమే.

రెండవది వీసా. పని చేసే చోటు వేరే మహానగర ప్రాంతానికి మారితే, మారకముందే సవరించిన హెచ్-1బి పిటిషన్ దాఖలు చేయాలి. ఇది ఇంటి నుంచి పని చేసేవారికీ వర్తిస్తుంది కాబట్టి మీ ఇద్దరి కంపెనీలూ ఆ పని చేయాలి. గ్రీన్‌కార్డు కోసం చేసిన లేబర్ సర్టిఫికేషన్ (పెర్మ్) కూడా ఉద్యోగ స్థలానికి ముడిపడి ఉంటుంది. ఆమోదం పొందిన ఐ-140 ఉంది కనుక మీ ప్రయారిటీ తేదీ, అంటే గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానం, సాధారణంగా నిలుస్తుంది, కానీ పెర్మ్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. ఆ ఖర్చు కంపెనీదేనని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

సమాధానం: డాలస్ నుంచి తిరిగి వచ్చినవారు

మేము ఐదేళ్లు డాలస్ శివార్లలో ఉండి మళ్లీ న్యూజెర్సీకి వచ్చాము. కారణం అమ్మానాన్నలు. ఎడిసన్‌లో మా నాన్న పొద్దున్నే ఓక్ ట్రీ రోడ్డుకు నడిచి వెళ్లి, కూరగాయలు తెచ్చి, దారిలో ఇద్దరితో తెలుగులో మాట్లాడి వచ్చేవారు. అక్కడ ఆగస్టులో 38 డిగ్రీలు దాటిన ఎండలో ఆయన గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి, మేము ఆఫీసు నుంచి ఎప్పుడు వస్తామా అని రోడ్డు వంక చూస్తుండేవారు. పార్కులు ఉన్నాయి, గుడి ఉంది, కానీ కారు లేకుండా ఏదీ లేదు.

2021 ఫిబ్రవరి చలి తుఫానును కూడా చూశాము. టెక్సాస్ విద్యుత్ గ్రిడ్ చాలావరకు మిగతా దేశంతో సంబంధం లేకుండా నడుస్తుంది కనుక బయటి నుంచి తెచ్చుకోగలిగిన కరెంటు కొద్దిగానే ఉంది. మా ఇంట్లో రెండు రోజులు చీకటి. పెరట్లోని మంచును బకెట్లకెత్తి కరిగించి బాత్‌రూములో వాడుకున్నాము. ఆ తరువాత విద్యుత్ కేంద్రాలు చలికి తట్టుకునేలా సిద్ధం కావాలని చట్టం చేశారనుకోండి. న్యూజెర్సీ కూడా స్వర్గం కాదు. అదే ఏడాది సెప్టెంబరులో ఐడా తుఫానుకు ఇక్కడ బేస్‌మెంట్లు మునిగాయి.

అబ్బాయి చదువు గురించి ఒక్క మాట. టెక్సాస్ స్కూళ్లలో తరగతి ర్యాంకుకు విలువ ఎక్కువ. మొదటి 10 శాతంలో ఉంటే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు వస్తుంది, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మాత్రం 2026 నుంచి మొదటి 5 శాతానికే. మనవాళ్లు ఎక్కువగా ఉండే శివారు స్కూళ్లలో ఆ 5 శాతంలో నిలవడం పిల్లలకు మామూలు ఒత్తిడి కాదు.

ఎడిసన్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. న్యూయార్క్ పన్ను విషయం చదివి మా ఆవిడ, "అయితే మిగిలే డబ్బు పైకప్పుకే చాలదు" అన్నది. ముందు కంపెనీ వాళ్లను పెర్మ్ గురించి అడుగుతాను. ఫ్రిస్కో వారూ, ఒకవేళ వస్తే మొదట ఏడాది అద్దెకు ఉండటం మంచిదా?

ఫ్రిస్కో నుంచి

తప్పకుండా అద్దెకే ఉండండి, ఒక ఆగస్టూ ఒక వడగళ్ల కాలమూ గడిపాక ఇల్లు చూడండి. అప్పుడు ఏ ఇల్లు చూసినా గదులు ఎన్నని కాదు, పైకప్పు ఏ సంవత్సరం వేశారని మొదట అడగండి.