అప్‌డేట్: అమ్మానాన్నలకు నయాగరా చూపించాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, కెనడా వీసా లేకుండా, అమెరికా వైపు నుంచే నయాగరా చూస్తే తృప్తిగా ఉంటుందా అని అడిగాను కదా. నిక్షేపంగా ఉంటుంది. జలపాతాలన్నీ ఎదురుగా కనబడేది కెనడా నుంచే, కాదనను. కానీ నీటి పక్కనే నడిచే భాగ్యం ఇటువైపువాళ్లదే.

ఎక్కువసేపు జలపాతాల మధ్యనున్న గోట్ ఐలాండ్ అనే దీవిలోనే ఉన్నాం. అక్కడ టెర్రాపిన్ పాయింట్ అనే చోట కమ్మీల దగ్గర నిలబడితే, నయాగరా జలపాతాల్లో అన్నిటికన్నా పెద్దదైన హార్స్‌షూ జలపాతం అంచున నీరు పచ్చటి గాజులా వంగి, మరుక్షణమే తెల్లగా విరిగిపడుతుంది. తుంపర్లకు తుడిచి తుడిచి విసిగి నాన్న కళ్లద్దాలు జేబులో పెట్టేసుకున్నారు. పక్కనే ఉన్న త్రీ సిస్టర్స్ అనే చిన్న దీవుల దగ్గర జనం పలచగా ఉన్నారు. అమ్మకు అదే నచ్చింది.

ఇదంతా నయాగరా ఫాల్స్ స్టేట్ పార్కు. 1885లో ఏర్పడిన ఈ పార్కు అమెరికాలోకెల్లా పాత స్టేట్ పార్కు (రాష్ట్ర ప్రభుత్వ పార్కు). అంతకుముందు ఒడ్డు పొడవునా మిల్లులే. వాటిని తొలగించి, ఓల్మ్‌స్టెడ్, వాక్స్ అనే ఉద్యానవన రూపశిల్పుల ప్రణాళికతో సహజంగా తీర్చిదిద్దారు. ఆ పుణ్యమే ఇప్పటి ఈ చెట్ల నీడ.

జలపాతాల దగ్గరికి తీసుకెళ్లే పడవ ఉంది. దాని దగ్గరకు లిఫ్టులో దిగవచ్చు, అమ్మ హాయిగా ఎక్కింది. జలపాతం పాదం దగ్గరికి నడిచి వెళ్లే కేవ్ ఆఫ్ ది విండ్స్‌లో చెక్కమెట్లు ఎక్కువ, అక్కడికి నేనూ నాన్నా మాత్రమే వెళ్లాం. పార్కులోకి ప్రవేశం ఉచితం. పార్కింగుకూ పడవకూ డబ్బు కట్టాలి. పులిహోర వెంట తీసుకెళ్లండి.