అప్‌డేట్: జేటీఎం45 గిటార్ పెడల్‌లో నోటు (స్వరం) తెగిపోవడం – తప్పు నకిలీ జె201లదే

మార్షల్ జేటీఎం45 ట్యూబ్ గిటార్ ఆంప్ (యాంప్లిఫయర్) సర్క్యూట్‌ని, ట్యూబుల స్థానంలో జె201 జెఫెట్‌లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) పెట్టి 9 వోల్టుల పెడల్‌గా, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెగా, కట్టానని పోయిన నెల రాశాను. గట్టిగా మీటితే బాగానే ఉంది గానీ, నోటు సన్నగిల్లేటప్పుడు చిరచిరలాడి ఠక్కున తెగిపోతోందని అడిగాను. ఇప్పుడు సమస్య తీరింది.

"ముందు ప్రతి జెఫెట్ డ్రెయిన్ (సిగ్నల్ బయటికొచ్చే కాలు) దగ్గర వోల్టేజీ కొలవండి" అన్నవాళ్లకు చాలా థ్యాంక్స్, దారి చూపింది అదే. 4.5 వోల్టులు ఉండాల్సిన చోట రెండో స్టేజీలో 0.9 ఉంది. డ్రెయిన్ దగ్గరున్న 100కె (కిలో ఓముల) ట్రిమ్‌పాట్‌ని, అంటే తిప్పి రెసిస్టెన్స్ మార్చే భాగాన్ని, రెసిస్టెన్స్ తగ్గే వైపు దాదాపు చివరిదాకా తిప్పితే 4.5 వచ్చింది, తెగడం ఆగింది, కానీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) పడిపోయింది.

అక్కడితో నా తెలివి అయిపోయి, కోఠిలో రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన జెఫెట్ ఊడదీసి, గేటుని సోర్సుకి (మిగతా రెండు కాళ్లు) కలిపి కరెంటు కొలిచారు: 6 మిల్లీఆంపులు! జె201కి 1 దాటకూడదు. పైన అచ్చు జె201 అనే ఉంది, లోపలున్నది వేరే రకం. ఆన్‌లైన్లో చవగ్గా దొరికాయని కొన్న పదింటిలో ఏడు ఇలాంటివే.

జె201కే సర్ఫేస్ మౌంట్ (బోర్డు పైనే అతికించే బుల్లి) రూపమైన ఎంఎంబీఎఫ్‌జె201లు తెచ్చి, చిన్న అడాప్టర్ బోర్డుల మీద అతికించి పెట్టాను. ట్రిమ్‌పాట్‌ని మునుపటంత తగ్గించకుండానే, 20కె దగ్గరే 4.6 వోల్టులు వచ్చాయి. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే శబ్దం తేటగా మారుతోంది, నేను కోరుకున్నది సరిగ్గా ఇదే.

అంతకుముందు పవర్ అడాప్టర్, కప్లింగ్ కెపాసిటర్లు (ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి సిగ్నల్ పంపేవి), గ్రౌండ్ వైరింగ్ అన్నీ మార్చి చూశాను. వాటికీ దీనికీ సంబంధం లేదు.