ఊహాలోకంలోనే ఉండిపోతే తప్పేంటి?

కమ్మరి_హన్మకొండ:
సూటిగా అడుగుతున్నా, మీరూ సూటిగానే చెప్పండి. ఉన్న బతుకు మనకు ఏమీ ఇవ్వనప్పుడు, ఇంకో లోకంలో మనకంటూ ఒక చోటు ఉన్నప్పుడు, దీన్ని వదిలేసి అందులోనే ఉండిపోతే తప్పేంటి?

నా సంగతి చెప్తా. ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని. పొద్దున్నే బండి తీస్తే నర్సంపేట రోడ్డు మీద ఊరూరా తిరిగి గ్రూపు లోన్ల వాయిదాలు వసూలు చేయాలి. నన్ను చూడగానే ఆడవాళ్లు లోపలికి పోయి, పిల్లలతో ‘అమ్మ ఇంట్లో లేదు’ అని చెప్పిస్తారు. ఆ పిల్లలు నా మొహం వైపు చూడకుండా, గుమ్మం వైపు చూస్తూ చెప్తారు. సాయంత్రం మేనేజర్ టార్గెట్ ఎంతయిందని అడుగుతాడు. రోజూ ఇదే.

రాత్రి రూముకొచ్చి ఆన్‌లైన్ ఆటలో లాగిన్ అయితే నేను కమ్మరిని. కొండ కింద ఊళ్లో నా కొలిమి ఉంది. ఖనిజం నేనే తవ్వుకొచ్చి, కరిగించి, కత్తులు చేస్తా. చేసిన కత్తి మీద నా పేరు పడుతుంది, అది ఎన్ని చేతులు మారినా ఆ పేరు చెరగదు. ఫిలిప్పీన్స్‌లో ఒకామె, బ్రెజిల్‌లో ఒకతను ‘నువ్వు చేస్తేనే తీసుకుంటాం’ అని నా కోసం ఆగుతారు. నా కోసం ఆగేవాళ్లు నాకు ఇంకెక్కడా లేరు.

ఇది పైసలు పెట్టి ఆడే ఆట కాదు, నాకు తాగుడు లేదు, ఎవరికీ బాకీ లేను. కొంత దాచుకున్నా. ఉద్యోగం మానేసి పూర్తిగా అక్కడే ఉందామనుకుంటున్నా. ‘అది నిజం కాదు’ అని మాత్రం అనకండి, ఆ మాట విని విని ఉన్నా.

పరకాల_పత్తి:
తమ్మీ, ఇంట్లో తెలుసా?

కమ్మరి_హన్మకొండ:
తెలియదన్నా. నాన్న శాయంపేట దగ్గర కౌలుకు పత్తి పెడతాడు. చెప్తే ఆయనకు అర్థం కాదు.

కేయూ_ఫిలాసఫీ:
ఈ ప్రశ్న కొత్తదేం కాదు. రాబర్ట్ నోజిక్ అనే అమెరికన్ తత్వవేత్త 1974లో ఇలాంటిదే అడిగాడు. నీకు ఏ అనుభవం కావాలన్నా ఇచ్చే యంత్రం ఉంది, ఒకసారి తగిలించుకుంటే అది యంత్రమని కూడా గుర్తుండదు, మరి తగిలించుకుంటావా అని. ఆయన జవాబు వద్దనే. మనకు పని చేసినట్టు అనిపిస్తే చాలదు, నిజంగా చేయాలని ఉంటుంది అన్నాడు. బాగానే ఉంది. కానీ తర్వాత కొందరు ఆ ప్రశ్ననే తిప్పి అడిగారు: ఇన్నాళ్లుగా నువ్వు ఉన్నదే ఆ యంత్రంలో అని ఇప్పుడు తెలిసింది, బయటికి వస్తావా? అలా అడిగేసరికి చాలామంది ‘ఇక్కడే ఉంటాం’ అన్నారు. అంటే జనం నిజాన్ని పట్టుకుని వేలాడట్లేదు, అలవాటైన దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. కమ్మరి అన్నను ‘నిజ జీవితం గొప్పది’ అని బెదిరించేవాళ్లు ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఇంకో మాట. అన్న చెప్పేది ఆ యంత్రం లాంటిది కూడా కాదు. అవతల ఉన్నది మనుషులే కదా, బ్రెజిల్ అతనికీ ఆకలేస్తుంది. నా ఓటు అన్నకే.

పాలకుర్తి_వాస్తవ్యుడు:
బమ్మెర మా పక్క ఊరే. పోతన అక్కడే నాగలి పట్టి బతికాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మనం కళ్లు మూసుకుంటే కనిపించే వైకుంఠాన్ని పద్యాల్లో కట్టి ఇచ్చినాయన, ఆయనే పొలం వదల్లేదు. రెండూ చేయొచ్చు కదా తమ్ముడూ.

కమ్మరి_హన్మకొండ:
పోతనది సొంత సాగు అన్నా. పొద్దంతా మట్టిలో ఉన్నా, అది ఆయన మట్టి. నేను పొద్దంతా ఒకరి గుమ్మం ముందు నిలబడి అప్పు అడుగుతున్నా. రెండూ ఒకటెట్లయితయి?

ములుగు_టీచర్:
బాబూ, నీ కొలిమి అబద్ధమని నేను అనను. చిన్నప్పుడు మా ఊరికి చిందు భాగవతం మేళం వచ్చేది. రాత్రంతా ఆట. మొహానికి అర్దళం, తలమీద కిరీటం, భుజకీర్తులు, ఆ అడుగుల చప్పుడుకు మేం నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లం. రాణి వేషం వేసినామె నిజంగానే రాణి. తెల్లారాక అదే మనిషి ఇంటింటికీ వచ్చి గింజలు అడిగేది, కిరీటం మూటలో ఉండేది. ఊరు ఆమెను రాత్రి ఒకలా, పొద్దున ఒకలా చూసేది, ఆ చూపు నాకు అప్పుడే నచ్చలేదు. అందుకే పొద్దున దొరకని గౌరవం రాత్రి వెతుక్కునేవాళ్లను నేను ఎగతాళి చేయలేను.

కానీ ఆ వేషం ఆమెది. ఏ ఊళ్లో ఆడాలన్నా ఎవరూ ఆమె చేతిలోంచి లాక్కోలేరు. నీ కొలిమి ఎవరిది? నువ్వు తవ్వే కొండ ఎవరిది? ఒక కంపెనీది. 2012 నవంబర్ 30న సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ లోకాన్ని దాని యజమానులు ఆపేశారు, ఎనిమిదేళ్లకు పైగా అందులో ఊళ్లు, స్నేహాలు కట్టుకున్నవాళ్లు ఆ రోజు ఒకచోట చేరి వీడ్కోలు చెప్పుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయారు. మన దగ్గరే చూడు, 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ను నిషేధిస్తే మా తొమ్మిదో తరగతి పిల్లలు బడికొచ్చాక కూడా అదే దిగులు. దాని బదులు వచ్చిన బీజీఎంఐ కూడా 2022 జూలైలో మాయమై, మళ్లీ 2023లో వచ్చింది. నీ మేనేజర్ నిన్ను తీసేయడానికి కనీసం ఒక కాగితం ఇవ్వాలి. ఆ లోకం యజమానికి ఆ అవసరం కూడా లేదు. యజమానిని తప్పించుకుందామని ఇంకా పెద్ద యజమాని దగ్గరికి పోతున్నావు, నాకు కనిపించే మొదటి తప్పు అది.

రెండోది, ఎవరు మోస్తారు అనేది. జపాన్‌లో నెలలు, ఏళ్ల తరబడి ఇంటికే పరిమితమైపోయిన వాళ్లను హికికొమోరి అంటారు. 2019లో అక్కడి ప్రభుత్వమే 40 నుంచి 64 ఏళ్ల వాళ్లలో అలాంటివాళ్లు 6 లక్షలకు పైగా ఉంటారని అంచనా వేసింది. అక్కడ ‘80–50’ సమస్య అనే మాటే పుట్టింది: ఎనభై ఏళ్ల అమ్మ, యాభై ఏళ్ల కొడుకు, గది తలుపు దగ్గర పళ్లెం. వాళ్లంతా ఆటల కోసం పోయినవాళ్లు కాదు, చాలామంది ఉద్యోగంలో దెబ్బతిని లోపలికి పోయినవాళ్లు, నీలాగే. నువ్వు దాచుకున్న డబ్బు అయిపోయిన రోజు ఆ పళ్లెం శాయంపేట నుంచి రావాలి. కౌలు పత్తి మీద.

నువ్వు ఆడొద్దని చెప్పట్లేదు. అక్కడే ఉండిపోవద్దు అంటున్నా.

కాజీపేట_అక్క:
టీచర్ గారూ, మీ మాటలో న్యాయం ఉంది, కానీ అందరికీ అదే కొలత పెట్టకండి. మా తమ్ముడికి కండరాల జబ్బు. వీల్‌చెయిర్ మా సందు మలుపులో తిరగదు, బస్సు ఎక్కలేడు, కాలేజీలో క్లాసు పై అంతస్తులో ఉంటే కింద వరండాలో కూర్చుని నోట్సు కోసం ఎదురుచూసేవాడు. వాడు వదిలేయడానికి ‘మామూలు బతుకు’ అంటూ వాడి చేతిలో ఏం పెట్టాం మనం?

నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒక అబ్బాయి ఉండేవాడు. ఇలాంటి జబ్బే, డుషెన్. 2014లో పాతికేళ్లకు పోయాడు. కొడుకు ఒంటరిగా ఆట ఆడుకుంటూనే వెళ్లిపోయాడని అమ్మానాన్న కుమిలిపోయారు. అతని బ్లాగులో ఆ వార్త పెట్టాక వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో అతనితో ఆడినవాళ్ల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఇతను నా బాధ విన్నాడు, ఇతని మాట వల్ల నేనూ మా అబ్బాయీ మళ్లీ దగ్గరయ్యాం, ఇలాంటివి. వేరే దేశాల నుంచి కొందరు అంత్యక్రియలకు కూడా వచ్చారు. ఆ లోకంలో అతని పేరు ఐబెలిన్. నడిచాడు, పరుగెత్తాడు, అలిగాడు, క్షమాపణ అడిగాడు. ఆ ఏళ్లను ‘వృథా’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ములుగు_టీచర్:
అమ్మా, మీ తమ్ముడి విషయంలో నా మాట వర్తించదు, వర్తింపజేయను కూడా. మాట్స్ ఎవరినీ వదిలి పోలేదు, మూసుకుపోయిన ఇంట్లోంచి కిటికీ తెరుచుకున్నాడు. కమ్మరి బాబుకు ఇంకా తలుపు ఉంది, మూస్తానంటున్నాడు. అక్కడే నా పేచీ.

కేయూ_ఫిలాసఫీ:
తలుపు ఉందో లేదో బయటి నుంచి మీరెలా చెప్తారు మేడమ్? ఆ గుమ్మం ముందు నిలబడేది ఆయన.

నైట్_డ్యూటీ_సిస్టర్:
అందరూ తత్వం మాట్లాడుతున్నారు, నేను కొంచెం ఒంటి సంగతి అడుగుతా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిసార్డర్ ఉంది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఎన్ని గంటలు ఆడావు అనేది అందులో కొలత కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతావన్నీ వెనక్కిపోవడం, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా కొనసాగించడం, ఇవి మామూలుగా 12 నెలల పాటు ఉంటే చూస్తారు. తమ్ముడూ, నువ్వు రోజూ డ్యూటీకి పోతున్నావు, బాకీ లేకుండా ఉన్నావు, ఇంత స్పష్టంగా రాస్తున్నావు. నీకు జబ్బని నేను అనట్లేదు. నాకు టెన్షన్ నీ ఆట గురించి కాదు, ‘నా కోసం ఆగేవాళ్లు ఇంకెక్కడా లేరు’ అన్నావు చూడు, ఆ వాక్యం గురించి. నిద్ర పడుతోందా? సరిగ్గా తింటున్నావా? మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్. ఫ్రీ, ఏ టైమ్‌లోనైనా తెలుగులో మాట్లాడతారు.

ఎనుమాముల_యార్డు:
అన్నా, నీకు నచ్చనిది బతుకు కాదు, నౌకరీ. నౌకరీ మార్చు. ఇనుప పని మీద అంత ప్రేమ ఉంటే వెల్డింగ్ షాపులో చేరు, మా మార్కెట్ యార్డు చుట్టుపక్కలే ఎన్నో ఉన్నయి.

కమ్మరి_హన్మకొండ:
అందరివీ చదివిన. ఒక్కొక్కటి చెప్తా.

యార్డు అన్నా, వెల్డింగ్ మాట నాకు కొత్త కాదు. డిగ్రీ అయ్యాక ఒక షెడ్డులో చేసిన. గేట్లు, గ్రిల్సు, రోజంతా ఒకే కొలత. నాకు ఇనుము మీద ప్రేమ కాదు. నేను చేసిన దాని మీద నా పేరు ఉండాలి, దాని కోసం ఎవరో ఒకరు అడగాలి. అది ఎక్కడ దొరికితే అక్కడికి పోతా.

సిస్టర్, నిద్ర తక్కువే, తిండి బాగానే ఉంది. నంబర్ రాసుకున్న.

టీచర్ గారూ, యజమాని గురించి మీరు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ కొండ నాది కాదు, అది నాకు తెలుసు. కానీ ఈ బండి, ఈ రూటు, ఈ టార్గెట్ కూడా నావి కావు. రెండూ వేరేవాళ్లవే అయినప్పుడు, నేను మనిషిలా ఉండే చోట ఎందుకు ఉండకూడదు? పళ్లెం మాట మాత్రం గట్టిగా తగిలింది. నాన్న మీద పడి తినే రోజు రానివ్వను. దాచింది అయిపోకముందే ఏదో ఒక పని చూసుకుంటా, కలెక్షన్ మాత్రం కాదు. ఈ నెలాఖరుకు మానేస్తున్నా, ఆ మాటలో మార్పు లేదు. ఆదివారం ఊరికి పోయి నాన్నకు నేనే చెప్తా.

ములుగు_టీచర్:
నాన్నకు చెప్పడం మంచి పని. మిగతాదానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఇంకో పని దొరికాకే మానేయి.

కాజీపేట_అక్క:
కమ్మరి తమ్మీ, ఒక చిన్న సంగతి. ఆ ఆట పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా? మా వాడు ఇదంతా నా పక్కనే కూర్చుని చదివిండు, అడగమంటున్నడు. వాడికి కుడి చెయ్యి ఒక్కటే బాగా ఆడుతుంది, అదీ మెల్లగా.

కమ్మరి_హన్మకొండ:
నడుస్తుందక్కా, గ్రాఫిక్స్ తగ్గించుకుంటే చాలు. కొలిమి పనికి ఒక్క మౌస్ సరిపోతుంది, తొందరేమీ ఉండదు. ఇవాళ రాత్రి పదింటికి నేనుంటా, రమ్మను.