ఎగ్‌నాగ్‌లో ఏం పోయాలి: బోర్బనా, రమ్మా, కోన్యాకా?

మీగడతరక (డల్లాస్)

ఎనిమిదేళ్ల నుంచి ప్రతి క్రిస్మస్‌కి ఎగ్‌నాగ్ (గుడ్లు, పాలు, మీగడతో చేసి మందు కలిపే తీపి పానీయం) ఇంట్లోనే చేస్తున్నాను. ప్రతిసారీ ఇంట్లో ఒకటే గొడవ, మందు ఏది పోయాలని. మావారు, ఆయన ఆఫీసు స్నేహితులు బోర్బన్ (అమెరికా మొక్కజొన్న విస్కీ) అంటారు. నేను ఒప్పుకోను. అందుకే ఇక్కడ పెడుతున్నా, మీరూ చెప్పండి.

ముందు నా కొలత చెప్తాను. ఆరు పచ్చసొనలు, 100 గ్రాముల పంచదార, అర లీటరు పాలు, 250 మి.లీ. హెవీ క్రీమ్. పచ్చసొన, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి, వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి, సన్న సెగ మీద గరిటెకి పూతలా పట్టేదాకా ఉంచి దించేస్తాను. పూర్తిగా చల్లారాకే క్రీమ్, ఆ తర్వాత మందు, అదీ సన్న ధారగా. వేడి మీద ఒక్కసారిగా పోస్తే పలుకులు కట్టి విరిగినట్టు అయిపోతుంది, మొదటి ఏడాది నాకు అదే జరిగింది. మందు మొత్తం 180 మి.లీ. అందులో రెండు వంతులు ముదురు రంగు జమైకా రమ్, ఒక వంతు కోన్యాక్ (ఫ్రెంచ్ ద్రాక్ష బ్రాందీ). పైన అప్పటికప్పుడు గీరిన జాజికాయ.

బోర్బన్ ఎందుకు వద్దంటానంటే, దాన్ని కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో పెడతారు, అందుకే దానికి వెనిలా, కారమెల్ రుచి బాగా పడుతుంది. ఎగ్‌నాగ్‌లో పంచదార, క్రీమ్, చాలామంది వేసే వెనిలా ముందే ఉన్నాయి. తీపి మీద తీపి, పాయసంలో మళ్లీ పాకం పోసినట్టు. జమైకా రమ్ అలా కాదు. బాగా పులియబెట్టి తీస్తారు కాబట్టి మగ్గిన అరటిపండు, అనాసపండు లాంటి ఘాటు వాసన ఉంటుంది. గుడ్డు నీచు వాసనని నిజంగా అణిచేది అదొక్కటే, నేను ఇన్నేళ్లలో చూసినంతవరకు. కోన్యాక్ దానికి కాస్త నెమ్మదితనం ఇస్తుంది. వీఎస్ లేదా వీఎస్‌ఓపీ (తక్కువ ఏళ్లు పీపాలో ఉన్న రకాలు) చాలు, ఎక్స్‌ఓ (ఎక్కువ ఏళ్లు ఉన్నది) పాలల్లో పోయడం అన్యాయం, దాని సున్నితమైన రుచంతా మీగడ కింద కనబడకుండా పోతుంది.

అసలు పద్ధతి కూడా రమ్మే. 18వ శతాబ్దంలో అమెరికా కాలనీల్లో చవగ్గా దొరికింది కరీబియన్ నుంచి వచ్చే రమ్, అక్కడి మొలాసిస్‌తో (చెరకు మడ్డితో) న్యూ ఇంగ్లండ్‌లో తీసిన రమ్. స్వాతంత్ర్యం వచ్చాక ఆ సరుకు తగ్గి, చేతికి అందిన విస్కీ దాని చోటు తీసుకుంది.

పీపాలోడు (లూయీవిల్, కెంటకీ)

అక్కా, కొలత బాగుంది, కానీ చరిత్ర తెచ్చారు కాబట్టి దాంతోనే మొదలుపెడతా. అసలు పద్ధతి అంటూ వెనక్కి పోతే ఇంగ్లండ్‌లో పాసెట్ దగ్గర ఆగాలి, వేడి పాలలో ఏల్ బీరో వైనో పోసి విరగ్గొట్టి తాగేవాళ్లు. అక్కడ రమ్మూ లేదు, బోర్బనూ లేదు. ఇక అమెరికాలో 1826 క్రిస్మస్ ముందు రాత్రి వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో కేడెట్లు ఎగ్‌నాగ్ కోసం దొంగచాటుగా తెచ్చుకున్నది విస్కీ. అకాడమీలో మందు నిషేధం, అయినా తెచ్చారు, తాగి గది కిటికీలు పగలగొట్టి పెద్ద అల్లరి చేశారు, కొందరు కోర్టు మార్షల్ దాకా వెళ్లారు. అంటే దాదాపు 200 ఏళ్ల నుంచి విస్కీ ఇందులో ఉంది. పాతదా కొత్తదా అన్నది వదిలేసి రుచి మాట్లాడుకుందాం.

మీరు పోసిన బోర్బన్ ఏదో చెప్పలేదు. అసలు తేడా అక్కడే. బోర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని చట్టం. మిగతాది ఏం వేశారన్నది ముఖ్యం. మేకర్స్ మార్క్ లాంటివాటిలో గోధుమ, అది మెత్తగా తియ్యగా ఉంటుంది. బులిట్ లాంటివాటిలో రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) ఎక్కువ, మిరియం లాంటి కారం, కాస్త వగరు. ఆ వగరే మీగడ జిడ్డుని కోస్తుంది. బాటిల్డ్ ఇన్ బాండ్ అని రాసి ఉన్నది తీసుకోండి, 50 శాతం ఆల్కహాల్, కనీసం నాలుగేళ్లు పీపాలో ఉన్నది, పాలల్లో పలచబడినా రుచి నిలబడుతుంది. 40 శాతంది పోసి రుచి తెలియలేదు అంటే అది బోర్బన్ తప్పు కాదు. వెనిలా మానేసి పంచదార 70 గ్రాములకి తగ్గించండి. తీపి ఎక్కువైందని మందు మార్చడం కూరలో ఉప్పెక్కువైతే కూరగాయ మార్చినట్టు ఉంది.

మీగడతరక

మావారు కొనేది గోధుమదే, సీసా చూసి వచ్చాను. ఆ మాట నిజం. కానీ నీచు సంగతి మీరు ముట్టుకోలేదు. మా అత్తగారు గుడ్డు వాసన ఏమాత్రం తగిలినా గ్లాసు పక్కన పెట్టేస్తారు. బోర్బన్‌తో చేసిన ఏడాది పెట్టేశారు, రమ్‌తో చేసినప్పుడు తాగారు.

ఓల్డ్ మాంక్ ఒక్కటే (ఎడిసన్, న్యూజెర్సీ)

ఎవరూ ఓల్డ్ మాంక్ పేరెత్తరేంటి? 1954 నుంచి ఉన్న రమ్, 42.8 శాతం, ఇక్కడ ఇండియన్ లిక్కర్ షాపుల్లో దొరుకుతుంది. నేను గత మూడేళ్లుగా అదే పోస్తున్నా, వేరే ఏదీ కలపకుండా. హాస్టల్ రోజుల్లో చలికి వేడి నీళ్లలో తాగిన వాసన అది, ఇక్కడ మంచులో కూర్చుని ఆ వాసన తగిలితే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. నా వరకు పండగంటే అదే.

పీపాలోడు

బ్రదర్, ఓల్డ్ మాంక్ నాకూ ఇష్టమే. కానీ అక్క బోర్బన్ మీద పెట్టిన కంప్లైంటు దానికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, దాంట్లో వెనిలా వాసన ముందుంటుంది, జమైకా రమ్‌లో ఉండే పండు ఘాటు లేదు. పోస్తే పంచదార బాగా తగ్గించి పోయండి. స్పైస్డ్ రమ్ మాత్రం ఎవరూ పోయొద్దు, దాంట్లో ముందే కలిపిన మసాలాలు జాజికాయని మింగేస్తాయి.

పెట్రి గిన్నె (బాల్టిమోర్)

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను, అందుకని వేరే వైపు నుంచి చెప్తా. మీరిద్దరూ చేసిన రోజే తాగే ఎగ్‌నాగ్ గురించి మాట్లాడుతున్నారు. నిలవబెట్టేది వేరే సరుకు. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మీద పని చేసిన రెబెకా లాన్స్‌ఫీల్డ్ తన ల్యాబ్ వాళ్ల కోసం ఏటా ఎగ్‌నాగ్ చేసేవారు. డజను పచ్చి గుడ్లు, ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) బోర్బన్, ఒక పింట్ (దాదాపు అర లీటరు) రమ్, క్రీమ్, వారాల తరబడి ఫ్రిజ్‌లో. అంటే ఆవిడ బోర్బన్, రమ్ రెండూ కలిపారు, ఈ గొడవే పెట్టుకోలేదు. తర్వాత అక్కడి ల్యాబ్‌లోనే అలాంటి ఎగ్‌నాగ్‌లో కావాలని సాల్మొనెల్లా (పచ్చి గుడ్లలో ఉండే, జబ్బు చేసే బ్యాక్టీరియా) వేసి చూస్తే మూడు వారాలకి బ్యాక్టీరియా లేకుండా పోయింది.

దీన్ని చూసి మందు పోశాం కదా పచ్చి గుడ్డు పర్లేదు అనుకోవద్దు, దయచేసి. అక్క కొలతలో 180 మి.లీ. మందు దాదాపు లీటరు ఉన్న పాల మిశ్రమంలో పడుతుంది, లెక్కేస్తే ఆరున్నర శాతం ఆల్కహాల్. అంతతో ఏ క్రిమీ చావదు. నిలవబెట్టేదానికి దగ్గర దగ్గర 20 శాతం ఉండాలి, వారాలు ఆగాలి. అదే రోజు తాగేదైతే థర్మామీటర్ పెట్టి 71 డిగ్రీల సెల్సియస్ దాకా కాయండి, లేదా పాశ్చరైజ్ చేసిన (క్రిములు చచ్చేలా వేడిచేసిన) గుడ్లు కొనండి. గర్భిణులు, పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో పచ్చి గుడ్డు ఎగ్‌నాగ్ అసలొద్దు, నిలవబెట్టినది కూడా.

రుచి మాటకొస్తే, నిలవ ఉన్నకొద్దీ మందు మంట తగ్గి గుండ్రంగా అవుతుంది. మూడు వారాల జాడీకి 50 శాతం బోర్బన్ సరైనది, దాని పదును అప్పటికి మెత్తబడుతుంది. ఆ రోజే తాగేదానికి రమ్, కోన్యాక్. నా అభిప్రాయం అంతే.

గులాబీ పువ్వులు (గుంటూరు నుంచి వచ్చి అట్లాంటా)

మాది క్రిస్టియన్ కుటుంబం. ఊళ్లో క్రిస్మస్ అంటే కేకు, గులాబీ పువ్వుల పిండివంట, చర్చి నుంచి వచ్చాక బిర్యానీ. ఎగ్‌నాగ్ ఇక్కడికొచ్చాకే చూశాను. మా అమ్మానాన్న మందు వాసన ఉన్న గదిలో కూడా కూర్చోరు, వాళ్లున్న ఏడాది మా ఆయన జగ్గులో మందు కలిపేసి పెట్టారు, పాప అదేంటో తెలియక ఒక గుక్క తాగేసింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. ఏ మందు అన్నది మీరు తేల్చుకోండి, కానీ జగ్గులో పోయొద్దు. జగ్గు మామూలుగా ఉంచి, తాగేవాళ్ల గ్లాసులో 30 మి.లీ. పోసి పైన ఎగ్‌నాగ్ పోసి కలపండి. ఎవరికి ఇష్టమైంది వాళ్లు పోసుకుంటారు, మీ గొడవా ఉండదు.

పీపాలోడు

గ్లాసులో పోసేది అప్పటికప్పుడు కలిసినట్టు ఉంటుందక్కా, మందు వేరుగా పాలు వేరుగా నాలుక మీద తెలుస్తుంది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటేనే ఒక్కటవుతుంది. కానీ పాప సంగతి చదివాక నేను వాదించను. పిల్లలున్న ఇంట్లో గ్లాసులోనే.

ఇంకొకటి, జార్జ్ వాషింగ్టన్ రెసిపీ అని ఏటా ఎవరో పెడుతుంటారు, బ్రాందీ, రై విస్కీ, జమైకా రమ్, షెర్రీ వైన్ నాలుగూ ఉంటాయి. అది ఆయనదే అనడానికి ఆధారం లేదు, కాబట్టి దాన్ని సాక్ష్యంగా ఎవరూ తేకండి. నేను ఒకసారి చేశాను. నాలుగింట్లో ఏ ఒక్కటీ తెలియలేదు.

మీగడతరక

శనివారం కూర్చుని చూశాం. ఒకే గిన్నెలో కాచిన ఎగ్‌నాగ్, ఈసారి పంచదార 75 గ్రాములు, వెనిలా లేదు, థర్మామీటర్ పెట్టి 71కి తెచ్చాను. ఒకేలాంటి నాలుగు గ్లాసుల్లో గోధుమ బోర్బన్, 50 శాతం రై ఎక్కువున్న బోర్బన్, ఓల్డ్ మాంక్, నా రమ్-కోన్యాక్. గ్లాసు అడుగున అంకె రాసి, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చాను.

గోధుమది ఎవరికీ నచ్చలేదు, మావారికి కూడా. రైది నేను అనుకున్నదానికంటే చాలా బాగుంది, ఆ వగరు సంగతి పీపాలోడు గారు చెప్పినట్టే ఉంది, బోర్బన్ అంటే తీపి మీద తీపి అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఓల్డ్ మాంక్ మా తమ్ముడు రెండోసారి అడిగి తాగాడు, నాకు మాత్రం కేకు ఎసెన్సు వాసనే ముందొచ్చింది. అత్తగారు నాలుగూ వాసన చూసి మూడు పక్కన పెట్టి నా గ్లాసే తీసుకున్నారు. రై బోర్బన్‌లో రుచి బాగుంది కానీ గుడ్డు తెలుస్తోందమ్మా అన్నారు. కాబట్టి నీచు విషయంలో నేను మారను. ఆ రోజే తాగేదానికి జమైకా రమ్, కోన్యాక్, అదీ ఈసారి నుంచి గ్లాసులోనే.

మిగిలిన 50 శాతం బోర్బన్‌తో పాశ్చరైజ్ చేసిన గుడ్లు వేసి చిన్న సీసా ఒకటి కలిపాను, నాకూ మావారికీ మాత్రమే. మూత మీద తారీఖు రాసి ఫ్రిజ్‌లో వెనక అరలో పెట్టాను. సంక్రాంతికి తీసి ఇక్కడే రాస్తాను.