వేరుశెనగ తెగులుపై ప్రశ్న వస్తే సైన్సు లైబ్రేరియన్ ఎలా వెతకాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి):
నేను ఇక్కడి ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో ఇటీవలే చేరాను. వేరుశెనగలో మొవ్వు ఎండిపోయే తెగులు గురించి ఉన్న సమాచారమంతా కావాలని వృక్షశాస్త్ర అధ్యాపకులొకరు అడిగారు. గూగుల్‌లో వెతికితే వేల ఫలితాలు వస్తున్నాయి గానీ, వాటిలో ఏది ముఖ్యమో తేల్చుకోలేకపోతున్నాను. ఇలాంటి ప్రశ్నను అనుభవజ్ఞులు ఎక్కడ మొదలుపెట్టి, ఎక్కడ ఆపుతారో దయచేసి చెప్పగలరా?

జవాబు (కర్నూలు, వ్యవసాయ గ్రంథాలయ విశ్రాంత ఉద్యోగి):
అమ్మా, ముందు ఆ అధ్యాపకుల దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. సమాచారమంతా కావాలనేవారికి నిజంగా కావలసింది చాలాసార్లు అందులో ఒక ముక్కే. పాఠం చెప్పడానికా, పరిశోధన ప్రతిపాదన రాయడానికా, ఎవరైనా రైతుకు సలహా ఇవ్వడానికా అన్నది తెలిస్తే సగం పని తీరినట్టే.

తర్వాత అడగవలసింది ఏ తెగులు అని. మీ జిల్లాలోనే 2000 సంవత్సరంలో దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశెనగ దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం వాటిల్లింది. చూడటానికి మొవ్వుకుళ్ళులాగే ఉన్న ఆ తెగులుకు (ఇంగ్లీషులో ‘స్టెమ్ నెక్రోసిస్’) కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని తరువాత తేలింది. వయ్యారిభామ పుప్పొడిలో ఉండే ఆ వైరస్‌ను తామర పురుగులు మొక్కలకు చేరుస్తాయి. కాబట్టి మొవ్వుకుళ్ళుకు ఇంగ్లీషు పేరైన ‘బడ్ నెక్రోసిస్’ అని మాత్రమే వెతికితే మీ జిల్లాకు అతి ముఖ్యమైన పరిశోధనే చేజారిపోతుంది.

అందుకే వేరుశెనగ పేర్లైన ‘గ్రౌండ్‌నట్’, ‘పీనట్’, శాస్త్రీయ నామం ‘అరాకిస్ హైపోజియా’ మూడింటినీ ‘ఆర్’ (OR, ఏ ఒక్కటి ఉన్నా చాలు)తో కలిపి ఒక గుంపు చేయండి. ‘బడ్ నెక్రోసిస్’, ‘స్టెమ్ నెక్రోసిస్’, వైరస్ పేర్లు మరో గుంపు. రెండింటినీ ‘యాండ్’ (AND, రెండూ ఉండాలి)తో జోడించండి. మంచి వ్యాసం ఒక్కటి దొరికితే దాని కింద ఉన్న ఆధారాల పట్టికలో వెనక్కి, దాన్ని ఉదహరించిన కొత్త వ్యాసాల ద్వారా ముందుకు వెళ్ళండి. 1964లో యూజీన్ గార్‌ఫీల్డ్, ఏ వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ప్రచురించింది ఈ పద్ధతి కోసమే. నాకైతే వేరే ఏ చిట్కా కన్నా ఇదే ఎక్కువ ఫలితమిచ్చింది.

జవాబు (కడప, వైద్య కళాశాల లైబ్రేరియన్):
పై సలహాకు ఒక్కటే చేరుస్తాను. వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేసు పబ్‌మెడ్‌లో మెష్ అనే నిర్ణీత పదజాలం ఉంది. అందులో వేరుశెనగను ‘అరాకిస్’ అనే శీర్షిక కింద చేరుస్తారు. కానీ పంట తెగుళ్ళకు అది మొదటి చోటు కాదు. ప్రశ్న అఫ్లాటాక్సిన్ (వేరుశెనగ గింజల్లో బూజు వల్ల చేరే విషం) వైపు మళ్ళితే మాత్రం తప్పక చూడండి. ఏ డేటాబేసులో, ఏ పదాలతో, ఏ తేదీన వెతికారో ఒక పుస్తకంలో రాసుకోండి; ఆరు నెలల తర్వాత ఆ అధ్యాపకులే మళ్ళీ వచ్చి ఇంకేమైనా వచ్చిందా అని అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. వ్యవసాయ పరిశోధన వ్యాసాల సారాంశాలుండే సీఏబీ అబ్‌స్ట్రాక్ట్స్ డేటాబేసుకు మా కళాశాలకు చందా లేదు. మరి ఎలా?

జవాబు (కర్నూలు):
ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రిస్ డేటాబేసు, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలున్న కృషికోశ్, మిగతా విశ్వవిద్యాలయాలవి ఉన్న శోధగంగ ఉచితమే. సారాంశం మాత్రమే దొరికితే రచయితకు మర్యాదగా ఈమెయిల్ రాయండి, చాలామంది పంపుతారు. ఇక ఎక్కడ ఆపాలంటారా, పదాలు మార్చి వెతికినా, డేటాబేసు మార్చినా అవే వ్యాసాలు తిరిగి తిరిగి ఎదురవుతుంటే ఆపేయవచ్చు.