కెమెరాలో జీపీఎస్ ఆన్ పెట్టినా బొర్రా ఫొటోలన్నీ కొత్తవలసలో చూపిస్తోంది, ఎందుకు?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. ఈ మధ్య సెకండ్‌హ్యాండ్‌లో ఒక పాత ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ తీస్కున్నా, లోపలే జీపీఎస్ ఉంది, నాక్కావాల్సింది కూడా అదే, ఎందుకంటే ఏ గుడి ఏ ఊళ్లో తీశానో ఏడాది తిరిగేసరికి నాకే గుర్తుండదు. మొన్న ఇంట్లోవాళ్లతో వైజాగ్ నుంచి కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్లాం. రైలెక్కి కూర్చున్నాక జీపీఎస్ ఆన్ చేశా, శాటిలైట్ బొమ్మ చాలాసేపు మిణుకుమిణుకుమని కొత్తవలస దగ్గర నిలకడగా వెలిగింది, హమ్మయ్య అనుకుని ఇంక దానివైపు చూళ్లేదు. ఇంటికొచ్చి మ్యాప్‌లో వేస్తే శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి దగ్గర తీసినవి, బొర్రా గుహలు స్టేషన్లో తీసినవి అన్నీ కొత్తవలసలోనే ఒకే చుక్క మీద కుప్ప పడున్నాయి. శిమిలిగుడలో రైలు కాసేపాగితే దిగా, అక్కణ్ణుంచి మాత్రం కరెక్ట్‌గా ఉన్నాయి.

ఇంకో రెండు డౌట్లు. కెమెరా ఆఫ్ చేసి బ్యాగులో పెట్టినా పొద్దున్నకి బ్యాటరీ బాగా తగ్గిపోతోంది. రెండోది, శిమిలిగుడ బోర్డు మీద సముద్రమట్టానికి 996 మీటర్లని రాసుంది, అదే బోర్డు ఫొటోలో ఎత్తు 925 అని పడింది. చిప్ పాడైపోయిందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మ్యాపులమామ:
చిప్ బానే ఉంది తమ్ముడూ, కంగారు పడకు. ముందు ఓ పని చెయ్యి. బొర్రా స్టేషన్లో తీసిన ఫొటో ఒకదాని ఎగ్జిఫ్ (ఫొటో ఫైల్లోనే కెమెరా రాసిపెట్టే వివరాలు) తెరువు. అందులో ఫొటో తీసిన టైమ్ ఒకటుంటుంది, జీపీఎస్ టైమ్‌స్టాంప్ అని విడిగా ఇంకోటుంటుంది. రెండోది యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైమ్‌లో ఉంటుంది కాబట్టి దానికి ఐదున్నర గంటలు కలుపు. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ లొకేషన్ అప్పుడు పట్టుకున్నదే. బాగా తేడా ఉంటే పాత లొకేషన్‌నే ప్రతి ఫొటోకీ అతికించుకుంటూ పోయిందని అర్థం. సిగ్నల్ పోయినప్పుడు కొన్ని కెమెరాలు ఖాళీగా వదిలేస్తాయి, కొన్ని చివర్లో దొరికిందే రాసేస్తాయి. నీది రెండో రకంలా ఉంది.

గోదారిగట్టు:
చూశానండీ. ఫొటో టైమ్ 10:04, జీపీఎస్ టైమ్ 02:06 అని ఉంది. కలిపితే 7:36, అంటే సరిగ్గా రైలు కొత్తవలసలో ఉన్న టైమ్! మరి అదే సీట్లో మా ఆవిడ ఫోన్‌కి లొకేషన్ టకటకా వచ్చేసిందేంటి?

మ్యాపులమామ:
ఫోన్ సంగతి వేరు. ఏ శాటిలైట్ ఎక్కడుందో దానికి ఇంటర్నెట్ ముందే చెప్పేస్తుంది, పైగా టవర్ల నుంచి, వైఫై నుంచి ఉజ్జాయింపు లొకేషన్ కూడా దొరుకుతుంది. నీ కెమెరాకి ఆ సాయం లేదు, మొత్తం ఆకాశం నుంచే దించుకోవాలి. జీపీఎస్ శాటిలైట్లు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి, అవి పంపే డేటా స్పీడు సెకనుకి 50 బిట్లు, నువ్వు చదివింది కరెక్టే, యాభై బిట్లే. ఒక్కో శాటిలైట్ తన కక్ష్య వివరాలు చెప్పడానికి 30 సెకన్ల సైకిల్ పడుతుంది, మధ్యలో సొరంగం వచ్చిందంటే ఫోన్లో నంబర్ చెప్తుండగా లైన్ కట్టయినట్టే, తప్పిపోయిన ముక్క మళ్లీ వచ్చేదాకా ఆగాలి. అలా కనీసం నాలుగు శాటిలైట్ల నుంచి అందాలి. మొత్తం శాటిలైట్ల జాబితా దిగడానికైతే పన్నెండున్నర నిమిషాలు. ఇప్పుడు నీ సీన్ చూడు, పైన ఇనుప కప్పు, పక్కన కొండ, ఆ లైన్లో చిన్నా పెద్దా కలిపి 58 సొరంగాలు. కిటికీలోంచి సగం ఆకాశం కూడా కనపడదు. శిమిలిగుడలో దిగి ఆరుబయట నిలబడ్డావు కాబట్టి అక్కడ మళ్లీ దొరికింది.

అందుకే ఏం చెయ్యాలంటే, బయల్దేరే ముందు డాబా మీదో స్టేషన్ బయటో పావుగంట సేపు జీపీఎస్ ఆన్ చేసి కెమెరాని కదపకుండా ఉంచు, లెన్సు ముందుకి, ఫ్లాష్ పెట్టే చోటు ఆకాశం వైపుకి. చాలా కెమెరాల్లో యాంటెన్నా ఆ పైభాగంలోనే ఉంటుంది, మెడలో వేలాడేసి పొట్టకి ఆనించుకుంటే సిగ్నల్ సగం మనమే ఆపేసినట్టు. తర్వాత మెనూలో పొజిషన్ ఎంతసేపటికోసారి అప్‌డేట్ చెయ్యాలో ఉంటుంది, నడకకి ఎంతైనా పర్లేదు గానీ రైల్లో ఐదు నిమిషాలకి పెడితే నాలుగు కిలోమీటర్లు వెనకపడుతుంది. నికాన్‌లో కొన్ని మోడల్స్‌కి ఏ-జీపీఎస్ ఫైల్ (శాటిలైట్లు ఎక్కడుంటాయో ముందే చెప్పేది) కంపెనీ సైట్ నుంచి దించి కార్డులో వేసి కెమెరాకి ఎక్కించొచ్చు, ఉదాహరణకి డీ5300. అది ఉంటే మొదటి లొకేషన్ త్వరగా దొరుకుతుంది, కాకపోతే కొన్ని రోజులకే పాతబడిపోతుంది, ప్రతి ట్రిప్పుకీ కొత్తది వేసుకోవాలి.

అమ్రాబాద్ పిట్ట:
బ్యాటరీ ముచ్చట నేను చెప్త అన్నా. ఆఫ్ చేసినా జీపీఎస్ ఆఫ్ కాదు కొన్నిట్ల. కేనన్ 6డీ మాన్యువల్ల సుత రాసే ఉంది, పవర్ స్విచ్ ఆఫ్ చేసినా టైముకి టైముకి సిగ్నల్ తీస్కుంటనే ఉంటది అని. తర్వాత వచ్చిన 5డీ మార్క్ 4, 6డీ మార్క్ 2లల్ల రెండు మోడ్లు ఇచ్చిన్రు, మోడ్ 2 పెడితే కెమెరాతోపాటు జీపీఎస్ కూడా పండుకుంటది. నీదాంట్ల గసుంటి సెట్టింగ్ ఉంటే పెట్టు, లేకపోతే రాత్రి మెనూల కెళ్లి జీపీఎస్ డిసేబుల్ చెయ్యి, లేదంటే బ్యాటరీ గుంజి పక్కకు పెట్టు. లాగర్ అని ఇంకోటి ఉంటది, ఫొటో తియ్యకున్నా పొద్దంత దారి రాస్తనే ఉంటది, అది నడిస్తే సాయంత్రానికి బ్యాటరీ ఖతం. నేను నల్లమలల ఫరహాబాద్ దిక్కు పోతే లాగర్ బంద్ చేసి ఊకె జీపీఎస్ ఒక్కటే పెట్టుకుంట, స్పేర్ బ్యాటరీ జేబుల ఉండాలె.

కొత్తగ కొనేటోళ్లకి ఒక మాట. పెద్ద నంబర్ కొంటే అన్నీ ఉంటయి అనుకోవద్దు. నికాన్ పీ900ల జీపీఎస్ లోపలనే ఉండె, తర్వాతొచ్చిన పీ1000ల తీసేసిన్రు, ఫోన్ల యాప్ కలిపితేనే లొకేషన్ వస్తది. శాన కంపెనీలు ఇప్పుడు గదే దారి పట్టినయి. పైసలు బాగ పెట్టేటోళ్లకి మాత్రం నికాన్ జెడ్9, కేనన్ ఆర్3 లెక్క పెద్ద బాడీలల్ల ఇంకా ఇస్తున్రు.

డాలస్ బాబాయ్:
నా లెక్కలో కెమెరా జీపీఎస్ మీద అంత ఆశ పెట్టుకోకూడదండి. ఫోన్లో ఒక ట్రాక్ లాగర్ యాప్ పెట్టుకుని (ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌లాగర్ ఫ్రీ, ఓఎస్ఎమ్ఆండ్ కూడా చేస్తుంది) రోజంతా జీపీఎక్స్ ఫైల్ (ఏ టైముకి ఎక్కడున్నామో రాసుకునే ఫైల్) రాయించి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో లైట్‌రూమ్ క్లాసిక్ మ్యాప్‌లోనో డిజిక్యామ్‌లోనో (ఫొటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్లు) ఆ ఫైల్ ఇస్తే టైమ్ చూసి అదే ఫొటోలన్నిటికీ లొకేషన్ వేసేస్తుంది. ఇక్కడ అమెరికాలో యెల్లోస్టోన్ పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు, అయినా ట్రాక్ పడుతుంది, జీపీఎస్‌కి టవర్‌తో పని లేదు కదా.

దీన్లో అసలు మెలిక టైమే. కెమెరా గడియారం డాలస్ టైమ్‌లో ఉంటుంది, యెల్లోస్టోన్ గంట వెనక, ట్రాక్ ఏమో యూటీసీలో ఉంటుంది, ఇవి కలవకపోతే గీజర్ ఫొటో తీస్కెళ్లి పార్కింగ్ లాట్‌లో పెడుతుంది. దానికి చిట్కా ఏంటంటే, ట్రిప్ మొదట్లో ఫోన్ స్క్రీన్ మీద సెకన్లతో సహా గడియారం తెరిచి దాన్ని కెమెరాతో ఒక ఫొటో తియ్యండి. ఆ ఫొటోలో కనపడే టైముకీ, కెమెరా రాసుకున్న టైముకీ తేడా ఎంతో అదే మొత్తం ఫొటోలకి సర్దితే చాలు, ఎగ్జిఫ్‌టూల్ (ఎగ్జిఫ్ వివరాలు మార్చే ప్రోగ్రాం) వాడేవాళ్లకి దానికోసమే జియోసింక్ అని ఆప్షన్ ఉంది. ట్రిప్ మధ్యలో మాత్రం కెమెరా గడియారం ముట్టుకోవద్దు, సగం ఫొటోలకి ఒక తేడా, సగానికి ఇంకో తేడా వచ్చి పిచ్చెక్కుతుంది.

మ్యాపులమామ:
బాబాయ్ గారు చెప్పింది నిజమే గానీ నడిచే ట్రిప్పులకి నాకు కెమెరా జీపీఎస్సే హాయి, ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునే పని ఉండదు. రైలుకీ కారుకీ ఫోన్ ట్రాక్, గండికోటలాంటి చోట రోజంతా తిరిగేదానికి కెమెరా. బెలుం, బొర్రా లాంటి గుహల్లోకి దిగితే రెండూ పనిచెయ్యవు, బయట గుమ్మం దగ్గర ఒకటి తీసి అదే లొకేషన్ లోపలి వాటికి చేత్తో వేసుకోవాలి.

సర్వేచైను:
ఎత్తు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఇది మా లైన్. మీ కెమెరా తప్పు కాదు, బోర్డూ తప్పు కాదు. జీపీఎస్ లెక్క కట్టేది భూమిని నున్నటి ఎలిప్సాయిడ్ (కాస్త నొక్కిన బంతి ఆకారం) అనుకుని దాని మీంచి ఎంత ఎత్తు అని, జీపీఎస్ వాడే ఆ ఎలిప్సాయిడ్‌నే డబ్ల్యూజీఎస్84 అంటారు. రైల్వే బోర్డు మీద ఉండేది సగటు సముద్రమట్టం నుంచి. ఈ రెండూ అన్నిచోట్లా ఒకటి కావు. మన దేశానికి దక్షిణంగా, శ్రీలంక కింద, గురుత్వాకర్షణ తక్కువ ఉండటం వల్ల సముద్ర ఉపరితలమే ఆ నున్నటి లెక్కకంటే వంద మీటర్ల పైగా కిందికి ఉంటుంది, ప్రపంచంలో అంత లోతు ఇంకెక్కడా లేదు. ఆ పల్లం ప్రభావం మన దాకా ఉంది, కోస్తాలో 60 మీటర్ల పైనే తేడా వస్తుంది. ఖరీదైన రిసీవర్లు, ఫోన్లలో చాలా యాప్‌లు ఈ సవరణ చేసి చూపిస్తాయి, కొన్ని పరికరాలు చెయ్యవు. 996కి 925 అంటే సరిగ్గా ఆ లెక్కే కనపడుతోంది. నమ్మకం కుదరకపోతే ఈసారి వైజాగ్ వెళ్లినప్పుడు ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడి ఒకటి తియ్యండి, ఎత్తు మైనస్‌లో పడుతుంది. దానికితోడు జీపీఎస్‌లో అక్షాంశ రేఖాంశాల కంటే ఎత్తు ఎప్పుడూ కాస్త తక్కువ నమ్మకస్తురాలు, పది ఇరవై మీటర్లు అటూ ఇటూ అయినా పట్టించుకోకండి.

కొండమల్లి:
మధ్యలో దూరుతున్నందుకు సారీ అండీ. మేం లద్దాఖ్ వెళ్తున్నాం, జీపీఎస్ ఉన్న కెమెరా ఎయిర్‌పోర్టులో ఆపుతారని ఎవరో భయపెట్టారు, నిజమా? ఇంకోటి, పాప ఫొటోలు ఆన్‌లైన్‌లో పెడితే మా ఇల్లు ఎక్కడుందో తెలిసిపోతుందా?

అమ్రాబాద్ పిట్ట:
అక్కా, పర్మిషన్ లేకుండ ఉండొద్దు అనేది శాటిలైట్ ఫోన్లకి, శాటిలైట్ మీద మెసేజ్ పంపే గాడ్జెట్లకి. కెమెరా జీపీఎస్ సిగ్నల్ తీస్కునుడే గాని పంపుడు ఉండదు, దాంతోని ఇబ్బంది లేదు. ఆర్మీ క్యాంపులు, బ్రిడ్జిలు వద్దన్న కాడ ఫొటోలు తియ్యకుండ్రి, గంతే.

ఇల్లు సంగతి, వాట్సాప్‌ల ఫొటో లెక్క పంపితే లొకేషన్ పోతది, డాక్యుమెంట్ లెక్క పంపితే ఉంటది. ఫ్లికర్ లాంటి ఫొటో సైట్ల కాడ సెట్టింగ్ చూస్కోవాలె. నేనైతే ఇంటికాడ జీపీఎస్ ఆన్ చెయ్యను. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లైట్‌రూమ్‌ల లొకేషన్ తీసేయమని టిక్ పెట్టొచ్చు. పిట్ట గూళ్ల ఫొటోలకైతే ఆ టిక్ తప్పకుండ పెడ్త, నల్లమలల ఏ చెట్టు మీద ఏ గద్ద పిల్లలు పెట్టిందో లోకానికి మ్యాపు ఇచ్చుడెందుకు, వేటగాళ్లకి సుత నెట్ ఉంటది కద.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్, రాత్రికి జీపీఎస్ డిసేబుల్ చేసి చూశా, బ్యాటరీ దిగలేదు. చివరగా ఒకటి, ఇప్పటికే తప్పు పడిన ఈ సొరంగాల ఫొటోలు సరిచేసుకోడానికి ఏదైనా దారుందా? ఫోన్లో ట్రాక్ అయితే పెట్టలేదు.

మ్యాపులమామ:
మీ ఆవిడ ఫోన్‌కి లొకేషన్ వచ్చిందన్నావుగా. ఆవిడ దారిలో తీసిన ఫొటోలు తీస్కో, త్యాడ దగ్గరది ఒకటి, చిమిడిపల్లి దగ్గరది ఒకటి, అలా ఏవి దొరికితే అవి. టైమ్ ప్రకారం నీ ఫొటోలూ ఆవిడ ఫొటోలూ వరసగా పెట్టుకుని, దగ్గర టైమ్‌లో ఉన్నదాని లొకేషన్ కాపీ చేసి నీవాటి మీద పేస్ట్ చెయ్యి. జియోసెట్టర్ అనే ప్రోగ్రాంలో అవుతుంది, డిజిక్యామ్‌లోనూ అవుతుంది, పది ఫొటోలు కలిపి ఒకేసారి సెలెక్ట్ చేసుకోవచ్చు. రైలు కదుల్తూనే ఉంటుంది కాబట్టి కిలోమీటరో రెండో తేడా వస్తుంది, సరిపెట్టుకో. ఆ ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో పంపించుకోకు, లొకేషన్ ఎగిరిపోతుంది, ఫోన్‌కి కేబుల్ పెట్టి ఒరిజినల్ ఫైల్సే తీస్కో.